నడిమి బటన్

భార్గవ్ నా వేలు పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. ప్రేమకథ మొదలవుతోందనుకునేరు, ఆ ముచ్చటేమీ లేదు. నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని, ఒక కాగితం మీద గీత దగ్గర ఆనించి, "ఇక్కడ సంతకం పెట్టండి సుమలత గారూ, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. పెట్టాను. బయటికొచ్చాక గగన్‌పహాడ్‌లో జిరాక్సు దుకాణం ఆయన ఆ కాగితం నకలు చదివి వినిపించాడు. "జరిగిన పొరపాటు పూర్తిగా నాదే" అని ఉంది అందులో.

నాకు తొమ్మిదో ఏట చూపు పోయింది. దాని గురించి ఏడ్చే కథ కాదిది. చూపు పోయినందుకు నేను ఎవరి మీదా పగ పట్టలేదు. ఆ సంతకానికి పట్టాను.

అసలు సంగతి చెబుతాను. మాది రావిర్యాల. పని కోసం మా అమ్మ జంగమ్మా నేనూ గగన్‌పహాడ్‌లో కిరాయికి దిగాం. అక్కడ విమానాలకు భోజనాలు పంపే గోదాము ఒకటుంది. చెంచా, ఫోర్కు, కత్తి, ఉప్పు పొట్లం కాగితపు రుమాలులో చుట్టి కవరులో పెట్టాలి. చూపు లేని వాళ్లం పదహారు మందిమి ఆ పనిలో ఉండేవాళ్లం. చూపున్నవాళ్లు గంటకు రెండు వందలు చుడితే నేను మూడు వందలు చుట్టేదాన్ని. గొప్పలు కావు, గోడ మీద నా పేరు రాసిపెట్టారని సూపర్‌వైజరే చెప్పాడు. అది నేను చూడలేదనుకోండి, అయినా ఉంది.

మూడేళ్ల కిందట హాజరు పుస్తకం తీసేసి యాప్ పెట్టారు. పేరు డ్యూటీమిత్ర. చేయించింది వేగరేఖ అనే కంపెనీ, అక్కడి డిజైనర్లకు పెద్ద ఈ భార్గవ్. యాప్‌లో హాజరు పడితేనే గేటు తెరుచుకుంటుంది. తెర అడుగున మూడు బటన్లు: సెలవు, హాజరు, రిలీవ్. రిలీవ్ అంటే ఉద్యోగం వదిలేస్తున్నానని. మా ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. వేలు దేని మీద ఉంటే దాని పేరు చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. చదవాలంటే యాప్ చేసినవాళ్లు ఆ పేరు లోపల రాసి ఉండాలి. వీళ్లు రాయలేదు. అందుకని మాకు వినిపించేది ఒకటే మాట. బటన్. బటన్. బటన్.

మొదటి వారమే భార్గవ్‌కి చెప్పాను. "తప్పకుండా అండీ, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అన్నాడు. తర్వాతి వెర్షన్ వచ్చింది, దాని తర్వాతిదీ వచ్చింది. మాటలు కోటలు దాటాయి, పేర్లు మాత్రం గడప దాటలేదు. ఇక మేమే ఒక దారి చూసుకున్నాం. లెక్క. నడిమిది హాజరు. అది నొక్కితే ఇంకో రెండు బటన్లు వస్తాయి, వాటిలో కుడిది నొక్కాలి, అది 'అవును'. మాలో పెద్దవాడు బాలమల్లన్న అందరి చేతా ఈ లెక్క వల్లె వేయించాడు. చేతికి అలవాటైపోయింది, మూడు నిమిషాల పని మూడు క్షణాలకొచ్చింది.

ఒక సోమవారం. ఆరు గంటల షిఫ్టు. ఎప్పటిలాగే గేటు దగ్గర నేనే మొదట. నడిమిది నొక్కాను, కుడిది నొక్కాను. గేటు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కబోతే యాప్ లోపలికే రానివ్వలేదు. వాచ్‌మన్ నా ఫోన్ తీసుకుని చూసి, "అక్కా, నువ్వు నౌకరి ఇడ్సిపెట్టినట్టు చూపిస్తున్నది" అన్నాడు. రాత్రికి రాత్రే యాప్ కొత్త వెర్షన్‌కి మారిందట, బటన్ల వరుస కూడా మారిందట. చూపున్నవాళ్లకు ఇబ్బంది లేదు, హాజరు ఎక్కడికి జరిగినా ఆకుపచ్చగానే ఉంటుంది. నడిమికి వచ్చి కూర్చున్నది రిలీవ్. నేను వెనక్కి తిరిగి, "ఆగుండ్రి, ఎవ్వలు నొక్కకుండ్రి" అని అరిచాను. పదిహేను మంది ఆగారు. వాళ్ల ఉద్యోగాలు మిగిలాయి, నాది పోయింది.

పదకొండు రోజులు రోజూ పొద్దున్నే వెళ్లి ఆ గేటు దగ్గర నిలబడ్డాను. లారీలు నా పక్కనుంచే లోపలికి పోయేవి. లోపల చెంచాలు గలగలలాడే చప్పుడు బయటికి వినిపించేది. పదకొండో రోజు లోపలికి పిలిచారు. భార్గవ్ ఉన్నాడు. "సిస్టమ్ రికార్డు స్పష్టంగా ఉందండీ. మీరే నొక్కారు. సిస్టమ్‌లోకి వెళ్లింది వెనక్కి రాదు" అన్నాడు. ఆ తర్వాతే నా వేలు పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ పొయ్యి మీది అన్నం సంగతి కూడా మరిచిపోయింది. "వాని నోట్ల మన్నువడ. కండ్లు లేని పిల్ల ఏలు వట్టుకొని సంతకం వెట్టించుకుంటడా? బిడ్డా, మర్సిపోకు. నేను సచ్చినా నువ్వు మర్సిపోకు" అంది. మరిచిపోయే జబ్బు నాకు లేదు. రాసుకోవడం కుదరని వాళ్లం కదా, అన్నీ తలలోనే దాచుకుంటాం.

ఫోన్‌కి నోటితో చెబుతూ పదకొండు పేజీల ఫిర్యాదు రాయించి దొరికిన ప్రతి చిరునామాకూ పంపాను. ఎవరూ పలకలేదు, ఒక్కరు తప్ప. శంషాబాద్‌లో హార్డ్‌వేరు దుకాణం మీద, మొదటి అంతస్తులో, చిన్న ఆఫీసు ఉంది. యాప్‌లు వికలాంగులకు పనికొస్తాయో లేదో పరీక్షించి చెప్పే ఆఫీసు. అది నడిపేది చాముండేశ్వరి మేడం. మేడం వాళ్లు కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆమెకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, చంకకర్రతో నడుస్తుంది. ఆ కర్ర చప్పుడుని బట్టే ఆమెకు ఎంత కోపంగా ఉందో చెప్పేయొచ్చు. ఆమె ఫోన్ చేసి, "మీ ఫిర్యాదులో తిట్లు ఎక్కువగా ఉన్నాయి. అయినా ఏ బటన్ ఎక్కడుండేది, ఎక్కడికి మారింది అన్నది ఇంజనీర్లు కూడా అంత కచ్చితంగా రాయలేరండీ. నా దగ్గర పని చేస్తారా?" అంది.

అలా పరీక్షించే పనిలోకి వచ్చాను. మేడం పద్ధతి ఒకటుంది. రిపోర్టులో మూడే గడులు: ఏం నొక్కాను, ఏం విన్నాను, ఏం జరిగింది. నాలుగో గడి లేదు. 'దారుణంగా ఉంది', 'బుద్ధి లేకుండా చేశారు' లాంటివి రాసుకోవడానికి చోటే ఉండదు. మొదట్లో నాకు ఊపిరాడేది కాదు. తర్వాత తర్వాత ఆ మూడు గడుల్లోనే ఎంత గట్టిగా కొట్టొచ్చో నేర్చుకున్నాను.

ఇక ఈ ఏడాది సంగతి. విమానాశ్రయం చుట్టూ ఉన్న గోదాముల యజమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. పద్నాలుగు గోదాములకూ ఒకే హాజరు యాప్ పెట్టాలని, చూపు లేనివాళ్లు, వినలేనివాళ్లు కూడా పనిలో ఉన్నారు గనుక మా ఆఫీసు ధ్రువపత్రం ఉంటేనే తీసుకుంటామని షరతు పెట్టారు. పోటీలో ముందున్నది డ్యూటీమిత్ర.

మేడం నన్ను పిలిచింది. "మీ ఫిర్యాదు నాకు గుర్తుంది. నిష్పక్షపాతంగా ఉండగలరా?"

"ఉండలేను మేడం. వాన్ని చూస్తే నా కడుపు మండుతది."

కర్ర ఒకసారి నేలకు తగిలింది. "మండనివ్వండి. కానీ మూడు గడులే నింపాలి. అబద్ధం ఒక్కటి దొరికినా మిమ్మల్నే పంపించేస్తాను."

నా సంతకం లేనిదే భార్గవ్‌కి కాంట్రాక్టు రాదు. రెండేళ్ల కిందట నా సంతకం ఎంత సులువుగా తీసుకున్నాడో ఇప్పుడు అంత సులువుగా రాకూడదు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున భార్గవే స్వయంగా వచ్చి, పరీక్ష కోసమని కొత్త ఫోన్ ఒకటి ఇచ్చాడు. వెంట సాహితి అనే అమ్మాయి ఉంది, అతని కింద పనిచేసే డిజైనరు. "సుమలత గారూ, మీలాంటివాళ్ల కోసం చాలా శ్రద్ధ పెట్టామండీ. ఆటోమేటిక్ చెకింగ్‌లో నూటికి నూరు వచ్చింది. మా ఆఫీసులో అందరం ఇదే వాడతాం, నా హాజరు కూడా ఇందులోనే పడుతుంది" అన్నాడు. అదే మెత్తటి గొంతు. తర్వాత, "మనం ఇంతకుముందు కలవలేదనుకుంటా" అన్నాడు.

గుర్తు లేదు! పొరపాటు పూర్తిగా నాదేనని నా వేలు పట్టుకుని నా చేతే ఒప్పించుకున్నవాడికి ఆ వేలు గుర్తు లేదు. కొట్టినా అంత మండేది కాదు.

"లేదు సార్" అన్నాను.

ఆ ఫోన్ మూడు రోజులు పరీక్షించాను. ఏం చెప్పమంటారు, యాప్ బాగుంది. "హాజరు, బటన్." "సెలవు, బటన్." రిలీవ్ నొక్కితే "మీరు ఉద్యోగం వదిలేస్తున్నారు, నిజమేనా?" అని విడమరిచి అడుగుతోంది. ఎక్కడ వేలు పెట్టినా ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. ప్రతి 'బాగుంది'కీ పళ్లు పటపట కొరికాను. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి దొరకదా అని రాత్రి కూడా ఇంటికి తీసుకెళ్లి వెతికాను. అమ్మ చూసి, "లేకుంటే ఉన్నట్టు రాయి, ఎవడు సూడొచ్చిండు?" అంది. రాయొచ్చు. మేడం పట్టుకుంటుందన్న భయం ఒకటే కాదు, దొంగ సాక్ష్యంతో తీర్చుకున్న పగ నాకు రుచించదు. తప్పు చేసింది వాడు, అబద్ధం నేనెందుకు ఆడాలి?

నాలుగో రోజు బాలమల్లన్న ఆఫీసుకొచ్చాడు. ఆయనది హిమాయత్ సాగర్. ఆ గోదాములోనే ఇంకా చెంచాలు చుడుతున్నాడు. వాళ్లు వాడే యాప్ సంగతే నేను చూస్తున్నానని తెలిసి, దారిలో మిర్చి బజ్జీలు కట్టించుకుని మరీ వచ్చాడు.

"అన్నా, మీ డ్యూటీమిత్ర ఇప్పుడు మంచిగైంది గదా?" అన్నాను, ఏడుపు మొహంతోనే అని ఉంటాను.

"ఏం మంచిగనే? నిన్న గూడ కొత్తది ఎక్కించుకున్న. ఇగ విను" అంటూ తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టి వేలు జరిపాడు.

"బటన్, బటన్." "బటన్, బటన్." "బటన్, బటన్."

బజ్జీ నా చేతిలోనే ఉండిపోయింది. ఇదివరకు ఒక్కసారి బటన్ అనేది, ఇప్పుడు రెండేసిసార్లు అంటోంది. రెండేళ్ల అభివృద్ధి ఇదన్నమాట. విషయం నాకు వెంటనే అర్థమైంది. ఆ చెకింగ్ సాఫ్ట్‌వేర్ చూసేది ప్రతి బటన్‌కీ పేరు ఉందా లేదా అని మాత్రమే. అందుకని వీళ్లు అన్నిటికీ 'బటన్' అనే పేరు పెట్టేశారు. ఇంట్లో పదిమంది ఉంటే పదిమందికీ 'మనిషి' అని పేరు పెట్టి రేషన్ కార్డు రాయించినట్టు. అలా వచ్చాయి నూటికి నూరు. పైన పటారం, లోన లొటారం.

"అన్నా, వరుస ఎట్లున్నది?"

"పోయిన వారం మల్ల మారింది. నడిమిది రిలీవ్. నీకైనట్టు మాకు గాకుండ, రోజు పొద్దుగాల వాచ్‌మన్‌కు చూపించి నొక్కుతున్నం. ఒకటో తారీఖు నుంచి గేటుకు వాచ్‌మన్ ఉండడంట. అప్పుడెట్లనో ఏమో, మస్తు పరేషాన్‌గున్నది."

సాహితి నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి ఒకటే అడిగాను. నాకిచ్చిన ఫోన్లో ఉన్న యాప్, జనం ఎక్కించుకునే యాప్ ఒకటి కావు కదా అని. ఆ అమ్మాయి మెల్లగా అంది: "మీ ఫోన్లో ఉన్నది నేను చేశానండీ. మూడు నెలలయింది. అందరికీ విడుదల చేద్దామంటే, ముందు సర్టిఫికెట్ రానివ్వు, మళ్లీ అన్నీ పరీక్షించాలంటే ఆలస్యమవుతుంది, తర్వాత చూద్దాం అన్నారు భార్గవ్ గారు. నా పేరు చెప్పకండి, ప్లీజ్."

"నీ పేరు నాకెందుకమ్మా. నాకు కావలసిన పేరు ఒకటే."

గురువారం పదిగంటలకు సంఘం హాల్లో సమావేశం. సంఘం పెద్దలు నలుగురు, మా మేడం, నేను. అటువైపు భార్గవ్, సాహితి, వాళ్ల కంపెనీ యజమాని సత్తిబాబు గారు. ఆయనది గోదావరి మాట, మంచి వ్యాపారస్తుడని వినికిడి. బాలమల్లన్నని నేనే సెలవు పెట్టించి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ముందుగా భార్గవ్ ఇచ్చిన ఫోన్ తీసి చేసి చూపించాను. హాజరు, సెలవు, అన్నీ పలికాయి. సంఘం పెద్దలు "బాగుంది, బాగుంది" అన్నారు. భార్గవ్ కుర్చీ వెనక్కి వాలిన చప్పుడైంది. ఆ తర్వాత బాలమల్లన్న ఫోన్ మైకు దగ్గర పెట్టాను.

"బటన్, బటన్. బటన్, బటన్."

"అది పాత ఫోన్ అండీ. దాంట్లో ఏదో సమస్య ఉండొచ్చు" అన్నాడు భార్గవ్ వెంటనే.

"అట్లనా సార్. మరి మీ ఫోన్ కొత్తదే గదా? మీ హాజరు గూడ దీంట్లనే పడ్తదని చెప్తిరి. ఇయ్యాల్టి హాజరు వేసిన్రా?"

"లేదు, నేరుగా ఇక్కడికే వచ్చాం. ఎక్కణ్నుంచైనా వేసుకునేలా నాకు వీలుంది."

"అయితే ఇప్పుడే మా ముందట వెయ్యుండ్రి. మేం వేసినట్టే. టాక్‌బ్యాక్ పెట్టి, తెర నల్లగ చేసి."

నవ్వాడు. సత్తిబాబు గారు కూడా ఉత్సాహపడి, "వెయ్యవయ్యా, యాప్ చేసింది నువ్వే కదా" అన్నారు. సాహితి ఫోన్ తీసుకుని టాక్‌బ్యాక్ పెట్టింది, తెర కనబడకుండా చేసి అతని చేతికిచ్చింది.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అని ఒక సామెత ఉంది. నా ముందు ఎవరైనా దాన్ని మొదలుపెడితే సగంలో నాలుక కరచుకుంటారు. ఆ రోజు నాకు నేనే చెప్పుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. భార్గవ్ వేలు తెర మీద ఎక్కడెక్కడో పడుతోంది. "బటన్, బటన్." మళ్లీ అదే. "బటన్, బటన్."

"హాజరు ఎక్కడుంటది సార్?" అన్నాను.

"అదే... ఆకుపచ్చది."

"ఆకుపచ్చ నాకు తెల్వది సార్. లెక్క చెప్పుండ్రి. ఎన్నోది?"

చెప్పలేకపోయాడు. తను తయారుచేసిన యాప్‌లో, రోజూ నొక్కే బటన్ ఎన్నోదో అతనికి తెలియదు. ఏనాడూ తెలుసుకోవలసిన అవసరం రాలేదు మరి. చీకట్లో మనిషి చెయ్యి నడిమికే పోతుంది. రెండేళ్లుగా ఆ సంగతి నాకు తెలుసు. ఒకవేళ పోకపోయినా, సరిగ్గా హాజరే పడినా, రేపటిది వెయ్యండి, ఎల్లుండిది వెయ్యండి అని అడుగుతూనే ఉండేదాన్ని. నా ఓపిక సంగతి అతనికి తెలియదు.

రెండుసార్లు తట్టిన చప్పుడు. తర్వాత మళ్లీ "బటన్, బటన్. బటన్, బటన్" అంది ఫోన్.

"ఇదేంటి, ఇంకోటి వచ్చింది?"

"మీకే తెల్వాలె సార్. చేసింది మీరు గదా."

"ఆ, కన్ఫర్మేషన్. కుడిది" అన్నాడు తనలో తాను. మళ్లీ తట్టాడు.

అప్పుడు సత్తిబాబు గారి ఫోన్ టింగుమంది. ఆయన బయటికే చదివేశారు: "భార్గవ్ గారు తమ ఇష్టప్రకారం ఉద్యోగం నుంచి వైదొలిగారు. అభ్యర్థన ఆమోదించబడింది... ఇదేంటయ్యా ఇది?"

కుర్చీ కిర్రుమంది. "అది పొరపాటున... నాకు ఏమీ కనబడలేదండీ" అన్నాడు భార్గవ్.

రెండేళ్లుగా ఈ మాట కోసమే బతికానంటే అతిశయోక్తి కాదు. అయినా మేడం పద్ధతి మరిచిపోలేదు. రిపోర్టు ఫైలు తెరిచి, అందరికీ వినబడేలా ఫోన్‌కి చెప్పాను: "ఏం నొక్కారు: నడిమిది, తర్వాత కుడిది. ఏం విన్నారు: బటన్, బటన్. ఏం జరిగింది: ఉద్యోగం పోయింది."

తర్వాత అతని వైపు తిరిగాను. "సిస్టమ్ రికార్డు స్పష్టంగ ఉన్నది సార్. మీరే నొక్కిన్రు. సిస్టమ్లకు వోయింది వెనుకకు రాదు."

గుర్తొచ్చింది. ఊపిరి ఆగిపోయిన తీరుని బట్టి నాకు తెలిసింది. "మీరు... ఆ గోదాములో..." అన్నాడు.

"అవును సార్. ఆ ఏలే ఇది" అని చూపుడువేలు ఎత్తి చూపించాను. బాలమల్లన్న నా పక్కన గట్టిగా ఊపిరి వదిలాడు. మేడం కర్ర కదలలేదు.

సత్తిబాబు గారు లోకజ్ఞానం ఉన్న మనిషి. సంఘం పెద్దల ముందు గొంతు పెంచకుండా, "అమ్మా, అయిందేదో అయింది. ఆఫీసుకెళ్లి సర్వర్లో సరిచేయించేస్తాం. రద్దు చేయొచ్చు కదా ఇది?" అన్నారు.

"చేయొచ్చు సార్. నాది గూడ చేయొచ్చుండె."

రిపోర్టు ఫైలు మూయకుండానే మళ్లీ అన్నాను. "ఇయ్యాలనే చేసుకోండ్రి, నేనెవర్ని ఆపెటందుకు? గని ఎట్ల చేసిన్రో రిపోర్టుల రాస్త. పెద్ద సారుదైతే వెనుకకొస్తది, చెంచాలు సుట్టేటోళ్లదైతే రాదు అని. లేదంటే ఆ వెనుకకొచ్చే బటన్ బాలమల్లన్న ఫోన్ల పెట్టుండ్రి, పేర్లతోని సహా. అదే బటన్‌తోని సారుది గూడ వెనుకకు తీసుకోండ్రి. గంతదాంక సారు ఇడ్సిపెట్టినట్టే."

సంఘం పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకుని, నేను సంతకం పెట్టేదాకా తామూ పెట్టమని చెప్పాడు. సత్తిబాబు గారు ఫోన్ బల్ల మీద పెట్టారు. "భార్గవ్ గారూ, అప్పటిదాకా ఇంటి దగ్గరే ఉండండి. పని సాహితి చూసుకుంటుంది" అన్నారు. ఆ 'గారూ'లో మర్యాద తప్ప ఏమీ లేదు.

బయటికి వచ్చాక మేడం, "తృప్తిగా ఉందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

మర్నాడు సాహితి ఫోన్ చేసి పని వివరాలు మాట్లాడుతూ, మాటల్లో మాటగా చెప్పింది. భార్గవ్ తన లాప్‌టాప్ కోసం ఆఫీసుకొచ్చాడట. వాళ్ల గేటు కూడా డ్యూటీమిత్రతోనే తెరుచుకుంటుంది. తెరుచుకోలేదు. ఎండలో నిలబడి లోపలున్నవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడట.

"ఎంతసేపు నిలవడ్డడు?"

"ఇరవై నిమిషాలండీ."

"గంతేనా?"

ఆ సాయంత్రం ఇది చెబితే అమ్మ నన్ను నాలుగుసార్లు చెప్పించుకుంది. "గేటు కాడ నిలవడ్డడా? ఎండల్నా?" అని అడిగి అడిగి, ఆఖరికి నాకు రెండో గ్లాసు టీ పెట్టింది.

సాహితి పనిమంతురాలు. తొమ్మిదో రోజు పొద్దునకల్లా కొత్త యాప్ అందరి ఫోన్లలోకీ వచ్చింది. బాలమల్లన్న ఫోన్ చేసి, ఒక్కో బటన్ మీదా వేలు పెట్టి, "హాజరు అంటున్నదే సుమలతా! పేరు వెట్టి పిలుస్తున్నది!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. పదహారు మందిలో మిగిలిన పదిహేను మందీ ఆ రోజు వాచ్‌మన్‌ని పిలవకుండానే గేటు దాటారు. వెనక్కి తీసుకునే బటన్ పరీక్షించడం ఒక్కటే నాకు మిగిలిన పని. రిలీవ్ అయినవాళ్ల జాబితా సాహితి నా ఫోన్‌కే పంపింది, నేను తేల్చేదాకా ఆ బటన్ ఇంకెవరి దగ్గరా పనిచేయదు. మొదట నా పాత రికార్డు మీదే పెట్టాను. "సుమలత, రిలీవ్. వెనక్కి తీసుకోవాలా?" "అవును." "మీ ఉద్యోగం తిరిగి నమోదయింది." రెండేళ్ల తర్వాత ఆ మాట విన్నాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఆ గోదాముకి మళ్లీ పోయేదేమీ లేదు, అయినా ఏడ్చాను.

మొత్తం పని అరగంట. తర్వాత జాబితాలో ఉన్న పేరు భార్గవ్‌ది.

సాహితి సాయంత్రం ఫోన్ చేసింది. "సుమలత గారూ, పరీక్ష అయిందాండీ? సార్ అడుగుతున్నారు."

"జాగ్రత్తగ చూడాలె గదమ్మా. ఇంకా చూస్తున్న" అన్నాను.

నేను గేటు దగ్గర నిలబడింది పదకొండు రోజులు. భార్గవ్‌ది పదకొండో రోజు పొద్దున ఆరు గంటలకు వెనక్కి తీశాను.